ఆ ఎనిమిది నెలలు ఎక్కడ రాయాలి?

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. రాసినామె తన పేరూ, తాను పనిచేసే పత్రిక పేరూ వేయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమెకు 33 ఏళ్ళు. నాగార్జున విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చేశారు. ఒక తెలుగు దినపత్రికలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నారు. మొదట డెస్కు, ఇప్పుడు రాజకీయ రిపోర్టింగ్. రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళి వస్తారు. భర్తది మందుల హోల్‌సేల్ వ్యాపారం. పాప ఒకటో తరగతి. మామగారు మండలంలో ఒక పార్టీకి ముఖ్య నాయకుడు. హైదరాబాద్‌లోని ఒక విదేశీ దౌత్య కార్యాలయం రాజకీయ సలహాదారు ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచింది. గడువు ఇంకా పదహారు రోజులుంది. "ప్రకటన చదివితే నన్ను చూసి రాసినట్టుంది" అంటారామె. ఇంట్లో మామగారు మాత్రం "మన గుట్టు పైదేశం వాళ్ళకి మోసే పని మనింటి కోడలికెందుకమ్మా" అన్నారు. భర్త "నీ ఇష్టం" అని ఊరుకున్నారు, ఆ తర్వాత మూడు రోజులు ఆ మాటే ఎత్తలేదు. ఇంగ్లీషు బాగానే రాస్తారు, మాట్లాడేటప్పుడు తడబడతారు. మామగారి పార్టీ సంగతి దరఖాస్తులో చెప్పాలా వద్దా అన్నది ఆమె ప్రధాన ప్రశ్న.

చివరి పేజీలో ఇంకో సంగతి ఉంది. పాపకు ఒంట్లో బాగాలేదని చెప్పి 2023 అక్టోబరు నుంచి 2024 మే దాకా పత్రికలో జీతంలేని సెలవు పెట్టారు. ఆ ఎనిమిది నెలలూ మామగారి పార్టీ ఎన్నికల వ్యూహ బృందంలో కూర్చుని నియోజకవర్గాల నివేదికలు రాశారు. డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడింది. పత్రికలో ఎవరికీ తెలియదు. "రాస్తే పక్షపాతి అనుకుంటారు, రాయకపోతే ఆ అనుభవమంతా వృథా" అని ఉత్తరం ముగించారు.

జవాబు: మూడు పేజీలు మామగారి గురించి, ఇంగ్లీషు గురించి, పాప బడి గురించి రాశారు. ఎనిమిది నెలల సంగతి చివర్లో నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. ముందు విప్పాల్సిన ముడి అదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మామగారి పార్టీ పదవి పెద్ద అడ్డు కాదు. ఆంధ్రాలో రాజకీయం తెలిసిన మనిషి కావాలనుకున్న ఏ కార్యాలయానికైనా, ఆ మనిషి చుట్టాల్లో ఎవరో ఒకరు ఏదో ఒక పార్టీలో ఉంటారని తెలుసు. బంధువుల వివరాలు అడిగిన చోట ఆయన పేరు, పదవి రాసేయండి, అంతే. ఆయన్ని రాజీనామా చేయమని అడగాల్సిన పనీ లేదు. మీరు సొంతంగా చేసి, దాచి, దాని కోసం పాప ఆరోగ్యాన్ని సాకుగా చూపిన పని మాత్రం వేరే లెక్కలోకి వస్తుంది.

ఇలాంటి ఉద్యోగంలో ఎంపికయ్యాక భద్రతా తనిఖీ ఉంటుంది. వెనకటి ఉద్యోగాలు, ఉన్న ఇళ్ళ చిరునామాలు, దగ్గరి బంధువులు, విదేశీ ప్రయాణాలు, కేసులు అన్నీ అడుగుతారు. పాత యజమానుల్ని సంప్రదిస్తారు. మీ సీవీలో తొమ్మిదేళ్ళు ఏకబిగిన అని ఉండి, పత్రిక హెచ్.ఆర్. వాళ్ళు మధ్యలో ఎనిమిది నెలలు జీతంలేని సెలవని చెబితే మొదటి ప్రశ్న అక్కడే పుడుతుంది. ఆ పార్టీ బృందం మీకిచ్చిన డబ్బులో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే అది ఆదాయపు పన్ను శాఖ మీ పేరున ఉంచే పన్ను వివరాల పట్టిక 26ఏఎస్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఈ రాత్రే పోర్టల్ తెరిచి చూసుకోండి. ఆ ఆదాయం రిటర్నులో చూపకపోయి ఉంటే అప్‌డేటెడ్ రిటర్ను వేసే వీలుంది. ఆలస్యమయ్యేకొద్దీ అదనపు పన్ను పెరుగుతుంది కాబట్టి ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ పని ముగించేయండి.

తనిఖీలో వాళ్ళు వెతికేది మచ్చలేని మనిషిని కాదు. ఎవరి చేతికీ జుట్టు దొరకని మనిషిని. ఆ బృందంలో మీ పక్కన కూర్చుని పనిచేసిన వాళ్ళందరికీ మీ సంగతి తెలుసు. రేపు వాళ్ళలో ఒకరు ఒక ఎమ్మెల్యే దగ్గర పీఏగా చేరి, మీకు ఫోన్ చేసి, "మీ ఆఫీసు మా సార్ గురించి ఏమనుకుంటోందో కాస్త చెప్పండి మేడమ్" అంటే? మీరు కాదంటే, పాత సంగతి గుర్తు చేస్తే? ఇది మీరు దాచిపెట్టినంత కాలమే ఆయుధం. దరఖాస్తులో రాసిన మరుక్షణం దానికి పదును పోతుంది.

కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, దాచడం. దరఖాస్తు దశ దాటొచ్చు, ఇంటర్వ్యూ కూడా దాటొచ్చు. తనిఖీలో బయటపడితే పార్టీలో పనిచేసినందుకు కాక అబద్ధం చెప్పినందుకు తిప్పి పంపుతారు. చేరాక బయటపడితే ఉద్యోగం పోతుంది. అప్పటికి పత్రికలోనూ చోటుండదు. రెండోది, ముందు ఎడిటర్‌గారికి చెప్పి తర్వాత దరఖాస్తు పెట్టడం. శుభ్రమైన దారే, కానీ ఖరీదైనది. రాజకీయ వార్తలు రాసే మనిషి ఎన్నికల ముందు ఒక పార్టీ దగ్గర జీతం తీసుకున్నారంటే పత్రిక తేలిగ్గా తీసుకోదు. మెమో రావొచ్చు, బీట్ మార్చొచ్చు, అంతకంటే ముదరొచ్చు. వందల దరఖాస్తుల్లో మీది షార్ట్‌లిస్ట్ అవుతుందో లేదో తెలియకముందే ఉన్న గూడు చెదరగొట్టుకోవడం అవుతుంది. మూడోది, దరఖాస్తులో నిజం రాసి, ప్రస్తుత యజమానిని చివరి దశ దాకా సంప్రదించవద్దని కోరడం. ఇది మామూలు కోరికే, చాలా ఫారాల్లో దానికి గడి కూడా ఉంటుంది. ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన రోజు ఎడిటర్‌గారి గది తలుపు తట్టి మీరే చెప్పండి. రెఫరెన్స్ ఫోన్ వచ్చి, ఆయన తెల్లబోయే పరిస్థితి మాత్రం తేవద్దు. నన్నడిగితే మూడోదానికే ఓటు. అయితే ఆ రోజు ఆయన ఏమంటారో మోయాల్సింది మీరు కాబట్టి నిర్ణయం మీదే.

ఎలా రాయాలన్నది కూడా ముఖ్యమే. "కన్సల్టెంట్" లాంటి గోడమీద పిల్లి మాటలు వద్దు. పార్టీ పేరు, నెలలు, చేసిన పని సూటిగా రాయండి. "2023 అక్టోబరు–2024 మే: ఫలానా పార్టీ ఎన్నికల బృందంలో నియోజకవర్గ విశ్లేషణ. పత్రిక నుంచి జీతంలేని సెలవు. పార్టీ సభ్యత్వం లేదు. ఆ తర్వాత పార్టీతో ఏ పనీ లేదు." చివరి రెండు వాక్యాలు నిజమైతేనే రాయండి. సభ్యత్వ కార్డు తీసుకుని ఉంటే అది రద్దు చేయించుకున్న తేదీతో సహా రాయాలి. సెలవుకి ఏ కారణం చెప్పారో దరఖాస్తులో అడగరు. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం దాటేయకండి.

ఒక హెచ్చరిక. ఆ బృందంలో రాసిన నివేదికలు, సర్వేలు, బూత్‌ల వారీ ఓటర్ల ఫోన్ నంబర్లున్న ఎక్సెల్ షీట్లు మీ ల్యాప్‌టాప్‌లో ఉండి ఉంటాయి. రాత నమూనా అడిగారని వాటిలో ఒకటి జతచేయడం ఈ రంగంలో తెలివైనవాళ్ళు కూడా చేసే పొరపాటు. అవి మీ సొత్తు కావు. వాటిని చూపినవాళ్ళు రేపు ఇక్కడి కాగితాల్నీ ఇంకొకరికి చూపుతారని ఎంపికచేసేవాళ్ళు లెక్కవేస్తారు. అచ్చయిన మీ వ్యాసాన్ని ఇంగ్లీషులో మీరే తిరగరాసి పంపండి.

ఇక మామగారి మాట. "గుట్టు మోసే పని" అన్నారాయన. కొట్టిపారేయకండి, గుంటూరులో పదిమంది పెద్దల్ని అడిగితే ఎనిమిది మంది అదే అంటారు. జవాబు చట్టంలో ఉంది. 1961 వియన్నా ఒప్పందం మూడో అధికరణం దౌత్య కార్యాలయాల పనులు చెబుతుంది. ఆతిథ్య దేశంలో పరిస్థితులు తెలుసుకుని తమ ప్రభుత్వానికి నివేదించడం అందులో ఒకటి, కానీ "చట్టబద్ధమైన మార్గాల్లో" మాత్రమే. 41వ అధికరణం ఆతిథ్య దేశపు అంతర్గత వ్యవహారాల్లో వేలుపెట్టకూడదంటుంది. అంటే ఈ ఉద్యోగం మన దేశం ఒప్పుకుని చేరిన ఏర్పాటులోనిదే. ఢిల్లీలో విదేశీయులు చేసినట్టే, బయట మన రాయబార కార్యాలయాలూ అక్కడి స్థానికుల్ని పనిలో పెట్టుకుంటాయి.

ఆయన భయంలో నిజం కూడా కొంత ఉంది, అది మీరు గుర్తుపెట్టుకోవాల్సింది. దౌత్య కార్యాలయంలో పనిచేసే భారత పౌరురాలు దౌత్యవేత్త కాదు. దౌత్య పాస్‌పోర్టు ఉండదు. 1961 ఒప్పందం 38వ అధికరణం (కాన్సులేట్లకైతే 1963 వియన్నా ఒప్పందం 71వ అధికరణం) ప్రకారం స్థానిక పౌరులకు రక్షణలు మన ప్రభుత్వం ఇచ్చినంతవరకే. గీత దాటితే 1923 నాటి అధికార రహస్యాల చట్టం మీకు పూర్తిగా వర్తిస్తుంది, కాపాడడానికి ఎవరూ రారు. గీత ఎక్కడుందో తేల్చుకోవడం కష్టం కాదు. పత్రికల్లో వచ్చినది, అసెంబ్లీలో మాట్లాడినది, జీవో రూపంలో విడుదలైనది, మీరు ఫలానా కార్యాలయం మనిషని తెలిసీ ఒకరు ఇష్టపడి చెప్పినది మీవి. విడుదలకాని కేబినెట్ నోటు, పోలీసుల లోపలి కాగితం, పాత సహోద్యోగి దగ్గరున్న అచ్చుకాని కాపీ మీవి కావు, ఎవరైనా వాట్సాప్‌లో తెచ్చి పడేసినా సరే. ఫోన్ ఎత్తగానే "ఫలానా కార్యాలయం నుంచి మాట్లాడుతున్నా" అనడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి. చేరేముందు ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రిడిటేషన్ కార్డు తిరిగి ఇచ్చేయండి. విలేకరి ముసుగులో అడిగారన్న మాట ఒక్కసారి పడిందంటే చెరగదు. మామగారికి చట్టం అధికరణాలు చెప్పక్కర్లేదు. "మామయ్యా, పార్టీ ఆఫీసులో మీరు మాట్లాడుకునేది నేను వినను, మీరూ నా ముందు మాట్లాడకండి" అంటే చాలు. ఆ మాట మీద మీరూ నిలబడాలి.

ప్రకటనలో "సలహాదారు" అన్న మాట చూసి మీరు కొంచెం ఎక్కువ ఊహించుకున్నట్టున్నారు. ఆ దేశ విధానం మీద మిమ్మల్నెవరూ సలహా అడగరు. పొద్దున్నే నాలుగైదు పత్రికలు చదివి ఏది ముఖ్యమో ఒక పేజీలో రాయడం, ఏ అధికారి ఎవర్ని కలవాలో చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, కలిసేముందు వివరం అందించడం, కలిశాక నోట్ రాయడం, ఎవరెవరు ఏ పదవిలో ఉన్నారన్న జాబితాను ఎప్పటికప్పుడు సరిచేయడం. ఇందులో సగం గుమాస్తా పనే. విలువ ఎక్కడుందంటే, దౌత్యవేత్తలు రెండు మూడేళ్ళకోసారి మారిపోతుంటారు, మీరుంటారు. 2019లో ఏం జరిగిందో ఆ గదిలో చెప్పగల మనిషి మీరొక్కరే అయ్యే రోజొస్తుంది. ఈ కొలువులో ఎదుగుదలకి ఒక హద్దూ ఉంది. ఎంత సమర్థులైనా ఆ దేశపు అధికారి కాలేరు. పదేళ్ళ తర్వాత కూడా పాతికేళ్ళ కుర్ర అధికారికి మీరు రిపోర్ట్ చేయాల్సి రావొచ్చు. అది మీకు చేదనిపిస్తుందో లేదో ఇప్పుడే తేల్చుకోండి.

మీకు పనికొచ్చేది ఇంకోటుంది, మీ రాత మారాలి. పత్రిక రాతకీ ఈ రాతకీ పొంతన ఉండదు. 2024 జూన్ 4 ఫలితాలనే తీసుకోండి. పత్రికలో మీరు "కూటమి సునామీ" అని పెట్టి ఉంటారు. 175లో 164 వచ్చాయి కాబట్టి ఆ శీర్షికలో తప్పేమీ లేదు. దౌత్య నోట్‌లో మొదటి వాక్యం మరోలా ఉంటుంది: "కూటమి 164 స్థానాలు గెలిచింది, వైఎస్సార్‌సీపీ 11కి పడిపోయినా 39 శాతం పైగా ఓటు నిలుపుకుంది." రెండో వాక్యం: "2019లో టీడీపీ 23 స్థానాలకు పడిపోయినప్పుడూ దాని ఓటు 39 శాతం పైనే." మూడోది: "ఓడిన పక్షాన్ని సీట్ల లెక్కతో కొట్టేయడం సరికాదు, తర్వాతి ఎన్నికలో ప్రభుత్వం మారే అవకాశాన్ని ఏ దీర్ఘకాలిక ఒప్పందంలోనైనా లెక్కలోకి తీసుకోవాలి." మూడే వాక్యాలు. ఏం జరిగింది, దాని అర్థమేమిటి, మనకేం పట్టింపు. మీరు పనిచేసిన పార్టీ ఈ రెంటిలో ఏదైనా, ఈ మూడు వాక్యాల్ని చెయ్యి వణక్కుండా రాయగలరా? పక్షపాతం ఉందో లేదో తేలేది అక్కడ. 2019 గురించి నాలుగు పేజీలు రాసి 2024 గురించి నాలుగు ముక్కలతో సరిపెడితే, లేదా దానికి తిరగేసి చేస్తే, చదివినవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

రాత పరీక్షలో అమరావతి గురించి ఒక పేజీ అడిగారనుకోండి. మనకి కంఠతా వచ్చిన సంగతే, అందుకే చెడగొడతాం. భూసమీకరణలో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతుల కన్నీళ్ళతో మొదలుపెట్టేవాళ్ళు కొందరు, మూడు రాజధానుల వికేంద్రీకరణ వాదంతో మొదలుపెట్టేవాళ్ళు కొందరు. చదివే మనిషికి ఈ రెండూ రెండో పేరాలో కావాలి. మొదటి పేరాలో ఆయనకి కావలసింది ఇది: 2019లో ప్రభుత్వం మారింది, ఆ నవంబరులో సింగపూర్ కంపెనీల కన్సార్టియంతో ఉన్న 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియా ప్రాజెక్టు రద్దయింది, డిసెంబరులో మూడు రాజధానుల మాట అసెంబ్లీలో వచ్చింది. అందుకోసం 2020లో చేసిన చట్టాల్ని 2021 నవంబరులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది. 2024లో ప్రభుత్వం మళ్ళీ మారింది, డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణానికి ఒప్పుకుంది. తేదీలు ఈ వరసలో పెడితే చాలు, ప్రతి దౌత్య కార్యాలయం అడిగే ప్రశ్న దానంతటదే పైకి తేలుతుంది: ఇక్కడ ఈ ప్రభుత్వం పెట్టిన సంతకం వచ్చే ప్రభుత్వంలో చెల్లుతుందా? దానికి మీ అంచనా, ఆ అంచనాకి కారణం, మీరు తప్పయ్యే అవకాశం ఎంతో రాయండి. "నిపుణులు భావిస్తున్నారు" అన్న మాట ఎక్కడా రాకూడదు. ఆ నిపుణులు మీరే.

దరఖాస్తు ఫారం దేశాన్నిబట్టి మారుతుంది. మీరు ఏ కార్యాలయమో రాయలేదు కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న రెండు పెద్దవాటి తీరు చెబుతాను. బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ తరహాలో అయితే సీవీతో పాటు "బిహేవియర్స్" (పనిలో మీరు చూపే తీరు) మీద విడివిడిగా రాయాలి. సీయింగ్ ద బిగ్ పిక్చర్, కమ్యూనికేటింగ్ అండ్ ఇన్‌ఫ్లుయెన్సింగ్, డెలివరింగ్ ఎట్ పేస్ లాంటి పేర్లుంటాయి. ఒక్కోదానికి సాధారణంగా 250 పదాల హద్దు. మనవాళ్ళు చిత్తయ్యేది ఇక్కడే. "నేను బృందంతో కలిసి బాగా పనిచేస్తాను" అని గుణగణాలు రాస్తారు. వాళ్ళకి కావలసింది ఒకే ఒక సంఘటన: సందర్భం రెండు వాక్యాల్లో, మిగతాదంతా మీరు స్వయంగా చేసింది, చివర ఫలితం. "మేము" అన్నచోటల్లా మార్కు పోతుంది. పోలింగ్ రోజు రాత్రి డెస్కులో రెండు పొంతనలేని సమాచారాలొస్తే ఏది వేయాలో మీరెలా తేల్చారన్నది ఒక మంచి 250 పదాలు.

అమెరికా కాన్సులేట్ తరహాలో అయితే ఈఆర్‌ఏ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫారం నింపాలి. అర్హతలన్నీ ప్రకటనలో ఒక్కొక్కటిగా ఇస్తారు. చదువు, ఎన్నేళ్ళ అనుభవం, ఇంగ్లీషు, తెలుగు ఏ స్థాయిలో రావాలన్నది. ప్రతి ఒక్కదానికీ మీ ఫారంలో ఎదురుగా ఆధారం కనిపించాలి. "అనుభవం ఉంది" అంటే చాలదు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, వారానికి ఎన్ని గంటలు అన్నది నింపాలి. ఒక్క గడి ఖాళీ వదిలినా, అడిగిన సర్టిఫికెట్ ఒక్కటి జతచేయకపోయినా, మిగతాది ఎంత బాగున్నా పక్కకి వెళ్ళిపోతుంది. అక్కడ పనిచేసే అమెరికన్ల కుటుంబసభ్యులకు నియామకంలో ప్రాధాన్యం ఉంటుందన్న సంగతీ ముందే తెలిసుంటే మంచిది. ఈ కొలువుకి ఆంధ్రా ఊళ్ళపేర్లు, తెలుగు పత్రికలు చదవడం కావాలి కాబట్టి ఆ ప్రాధాన్యం మిమ్మల్ని అంతగా దెబ్బతీయకపోవచ్చు.

ఏ దేశమైనా సరే, దరఖాస్తుకి పైసా కట్టించుకోదు. "ఎంబసీలో మా మనిషున్నాడు" అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి.

ఇంగ్లీషు గురించి మీ భయం కాస్త ఎక్కువే. యాస ఎవరికీ పట్టదు. పట్టేదేమిటంటే, గన్నవరం విమానాశ్రయం నుంచి వెలగపూడి సచివాలయానికి కారులో వెళ్తూ పక్కనున్న అధికారి "ఇప్పుడు కలిసే మంత్రి ఎవరు, ఏం చెబుతారు, ఏది అడగకూడదు" అంటే మూడు నిమిషాల్లో తడుముకోకుండా చెప్పగలగడం. ఇంటర్వ్యూలోనూ ఇలాంటిదే అడుగుతారు. రోజూ ఒక వార్త తీసుకుని ఫోన్‌లో మూడు నిమిషాలు రికార్డు చేయండి. మొదటి వాక్యంలోనే తీర్పు వచ్చిందా, పేర్లు చెప్పినప్పుడు వాళ్ళెవరో అయిదు పదాల్లో చెప్పారా అని మాత్రం చూసుకోండి. "పెద్దాయన", "చినబాబు", "ఆ వర్గం" లాంటివి మనకి అర్థమవుతాయి, పక్క సీటులో ఉన్నాయనకి కావు. కులం ప్రస్తావన వస్తే తప్పించుకోకండి, అదే పనిగా సాగదీయకండి కూడా. ఫలానా నియోజకవర్గంలో అభ్యర్థి ఎంపికకి అది కారణమైతే కారణమని చెప్పి ముందుకెళ్ళండి. "నాకు ఫలానా మంత్రి పర్సనల్ నంబరుంది" అనడం ఇంటర్వ్యూలో గొప్ప కాదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తారేమోనని భయపడతారు.

ఫేస్‌బుక్ సంగతి మీరు రాయలేదు, కానీ ఎన్నికల బృందంలో పనిచేసినవాళ్ళ గోడ ఎలా ఉంటుందో ఊహించగలం. గడువు ముందురోజు అంతా తుడిచేయడం తుడవకపోవడం కన్నా అధ్వాన్నం. బూతులు, వ్యక్తుల మీద ఎగతాళి ఉంటే తీసేయండి, అభిప్రాయాలు ఉంచండి, ఈ రోజు నుంచి కొత్తవి ఆపండి. అసలు ప్రశ్న ముందుంది: చేరితే ఆ కుర్చీలో ఉన్నంతకాలం రాజకీయం మీద బహిరంగంగా ఒక్క మాట అనే వీలుండదు. మీ పేరుతో వచ్చే బైలైన్ కూడా పోతుంది. మీరు రాసిన అతి మంచి నోట్‌ని చదివేది బహుశా పదిహేనుమంది. తొమ్మిదేళ్ళు పేరు అచ్చులో చూసుకున్నవాళ్ళకి ఇది చిన్న నష్టం కాదు.

డబ్బు, ఇల్లు. జీతం ప్రకటనలోనే ఉంటుంది, బేరాలు పెద్దగా సాగవు. అద్దె, పాప బడి ప్రవేశ రుసుము, వారంవారం మీవారి రాకపోకలు తీసేశాక ఏం మిగులుతుందో కాగితం మీద వేయండి. వ్యాపారం గుంటూరులోనే ఉంటుంది కాబట్టి రెండిళ్ళ ఖర్చు తప్పదు. ఇల్లు మారే ఖర్చు ఇస్తారనుకోకండి. మూడు ప్రశ్నలు ఆఫర్ దశలో అడగండి: ప్రావిడెంట్ ఫండ్ ఉందా, లేకపోతే బదులేమిటి, ఒప్పందం గడువుతో కూడినదా, కాదా, జీతంలో టీడీఎస్ కోస్తారా. కొన్ని దౌత్య కార్యాలయాలు కోయవు. అప్పుడు అడ్వాన్స్ ట్యాక్స్ మీరే జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 తేదీల్లో కట్టుకోవాలి. మొదటి ఏడాది చేతికి నిండుగా వస్తున్న జీతం చూసి మురిసి, మార్చిలో వడ్డీతో కట్టేవాళ్ళున్నారు. ఇంకో చిన్న సంగతి: ఇలాంటి చాలా కార్యాలయాల్లో సెల్‌ఫోన్ గేటు దగ్గరే పెట్టెలో పెట్టి వెళ్ళాలి. పాప బడివాళ్ళకి ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు ఇవ్వాలి, పగలు మీవారి ఫోన్ వాళ్ళకి మొదటి నంబరు కావాలి. ఆయన గుంటూరులో, పాప హైదరాబాద్‌లో అయితే అదెలా కుదురుతుందో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. "నీ ఇష్టం" అన్నాయనతో మాట మొదలుపెట్టడానికి ఇదే మంచి చోటు. ఉద్యోగం చేయనా వద్దా అని అడిగితే మళ్ళీ "నీ ఇష్టం" అంటారు. బడి నుంచి ఫోన్ వస్తే ఎవరెత్తాలని అడిగితే నిజం మాట్లాడతారు.

వెంటనే దూకకపోవడమూ ఒక దారే. ఎన్నికల బృందం పని ముగిసి ఎంతోకాలం కాలేదు. ఇంకో ఏడాదో రెండేళ్ళో పార్టీలకి దూరంగా రాజధాని నిధులు, ఆక్వా ఎగుమతులు, మిర్చి యార్డు ధరలు లాంటి విషయాల మీద నాలుగు గట్టి వ్యాసాలు రాస్తే మీ దరఖాస్తు బలపడుతుంది. రొయ్యల మీద అమెరికా సుంకం 2025 ఆగస్టులో 50 శాతానికి చేరినప్పుడు భీమవరం రాజకీయం ఎలా కదిలిందన్నది ఏ దౌత్య కార్యాలయమైనా చదవాలనుకునే కథ. నష్టమేమిటంటే, ఈ ఖాళీలు ఏటా రావు. ఒక మనిషి కుర్చీలో కూర్చుంటే పదేళ్ళు కదలరు. ఇంకో పక్కదారి, ఇవే కార్యాలయాల్లో పత్రికా సంబంధాలు, ఆర్థిక వ్యవహారాలు చూసే స్థానిక ఉద్యోగాలు. మీ తొమ్మిదేళ్ళు అక్కడ నేరుగా చెల్లుతాయి, ఆ ఎనిమిది నెలల బరువు అంతగా ఉండదు. మనసు రాజకీయం మీదుంటే మాత్రం అక్కడ మీరు రెండేళ్ళలో విసుగెత్తిపోతారు.

దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఎక్కడా కట్టుబడినట్టు కాదు. గడువు ముగిశాక వడపోత, రాత పరీక్ష, ఇంటర్వ్యూ, షరతులతో కూడిన ఆఫర్, తనిఖీ, వైద్య పరీక్ష ఇవన్నీ అయ్యేసరికి నెలలు గడుస్తాయి. ఆఖరి రాతపూర్వక ఆఫర్, చేరే తేదీ చేతికొచ్చేదాకా పత్రికలో రాజీనామా ఇవ్వకండి. షరతులతో కూడిన ఆఫర్‌ని ఉద్యోగమనుకుని రాజీనామా ఇవ్వడం ఇక్కడ జరిగే అతిపెద్ద ప్రమాదం. గ్రాట్యుటీ లెక్కలో ఆ ఎనిమిది నెలల సెలవుని సర్వీసులో కలిపారో లేదో కూడా అప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి.

పదహారు రోజుల్లో మొదటి రెండు 26ఏఎస్‌కీ, సర్టిఫికెట్ల స్కానింగ్‌కీ పోతాయి. వారం రోజులు రాతకి పెట్టుకోండి. ఆ తర్వాత తెలుగు రాజకీయం అసలు తెలియని ఒక స్నేహితురాలికి చదవమని ఇచ్చి, ఆమెకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడల్లా మార్చండి. చివరి మూడు రోజులు ఖాళీగా ఉంచండి, పోర్టళ్ళు ఆఖరి గంటలో మొండికేస్తాయి. గడువు తేదీ పక్కన గంట కూడా వేసి ఉంటుంది. అది మన గడియారమా, వాళ్ళదా అన్నది ఇప్పుడే చూసుకోండి.